ఖాళీ చేసిన చెత్తబుట్ట

కీబోర్డు మీద వేళ్లు పెట్టబోయి లక్ష్మీప్రియ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. మీటల సందుల్లో ఉగ్గాని బొరుగులున్నాయి. ఒకటీ అరా కాదు, పిడికెడు. వాటి మీద బజ్జీల నూనె, నూనె మీద దుమ్ము, దుమ్ము మీద చీమలు. మౌస్ పట్టుకుంటే అరచేతికి అతుక్కుని ఊడిరానంటోంది. కిటికీ గట్టు మీద గుట్కా ఉమ్మిన ప్లాస్టిక్ గ్లాసు సగానికి నిండి, ఎండకు పొగలు పోయేట్టు కంపు కొడుతోంది.

"థూ!" అంది పైకే.

అలా అనడానికి ఆమెకు మొహమాటం లేదు. కర్నూలులో పద్నాలుగేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తోంది. పెట్టె మూత తీస్తే బల్లిగుడ్లు చూసింది, చచ్చిన ఎలుక చూసింది, ఒక ఆఫీసులో ఎవరో దాచుకున్న కట్టుడు పళ్లు కూడా చూసింది. అయినా రోత ఆమెకు అలవాటు కాలేదు. రోత అలవాటైనవాళ్లే రోతగా తయారవుతారని ఆమె నమ్మకం. అందుకే సంచిలో స్క్రూడ్రైవర్ల కంటే ముందు స్పిరిటు సీసా, దూది, పాత పళ్లబ్రష్షు పెట్టుకుంటుంది. పని అయ్యాక మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంటే గానీ మంచినీళ్లు ముట్టదు. చెత్తబుట్ట మూత కూడా ముఖం పక్కకు తిప్పుకునే తీస్తుంది.

కడపలో ఈ ఎక్స్‌రే సెంటరుకు ఎనిమిదేళ్ల కిందట విండోస్ తీసేసి లైనక్స్ వేసిచ్చింది ఆమే. అప్పుడు వైరస్‌ల పోరు పడలేక వేయించుకున్నారు. మొదటి నుంచీ దాని దగ్గర కూర్చునే భూపేష్ ఇప్పుడు నాలుగు రోజుల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. యంత్రం ఎక్స్‌రే తీస్తోంది కానీ కంప్యూటరు జాగా లేదని దాచుకోవడం లేదు. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు లక్ష్మీప్రియ ఏదో పనిలో ఉండి, "పాతవి తీసెయ్ అప్పా, ఎప్పటివో మోసుకోని తిరగడం ఎందుకు?" అని పెట్టేసింది. నిన్న మళ్లీ చేశాడు. "అక్కా, నీ లైనక్సు శానా మోసం. తీసేస్తానే ఉండా, తగ్గనే తగ్గదు." దాంతో తెల్లవారుజామునే బస్సెక్కి, నంద్యాల మీదుగా ఒళ్లు హూనం చేసుకుని పదింటికి దిగింది.

గదిలో గోడవారగా ఉన్న బెంచీ మీద ఆలుమగలిద్దరు కూర్చుని ఉన్నారు. మగమనిషి పేరు ఓబుళేశు. యాభై ఏళ్లంట, డెబ్బై అన్నా ఎవరూ కాదనరు. రెండు మాటలు అంటే మూడో మాటకు ఊపిరి అందడం లేదు. అందుకని మాటలన్నీ భార్య జీవమ్మే మాట్లాడుతోంది. ఒళ్లో ఒక బట్టలకొట్టు కవరు, దాని నిండా కాగితాలు.

"సార్ వాళ్లు సాయంత్రం నాలుగింటికి డాక్టర్ల బోర్డుకి రమ్మన్నారమ్మా, పెద్దాసుపత్రిలో" అని ఆమె అడగకుండానే చెప్పుకొచ్చింది. "మంగంపేట అవతల పలుగురాయి పొడిజేసే మిల్లు ఉండె. ఈయప్ప ఆడ పదకొండేండ్లు చేసినాడు. ఇప్పుడు మిల్లూ లేదు, మిల్లోళ్లూ లేరు. ఏడేండ్ల కింద అందరినీ వ్యానులో ఏసుకొచ్చి ఈడ్నే రొమ్ముఫోటో తీయించినారు. ఆ ఫోటో తెస్తే మిల్లు దుమ్ముతో వచ్చిన జబ్బని రాస్తారంట, డబ్బులొస్తాయంట. లేకుంటే బీడీలు తాగి తెచ్చుకున్నాడని రాసేస్తారంట. ఈయప్ప బీడీ ముట్టి ఎరగడు."

"కంప్యూటర్ బాగైనాక చూస్తామని చెప్పినా గదమ్మా. కూసోండి" అన్నాడు భూపేష్, పళ్ల సందులో ఉన్నదాన్ని నాలుకతో అవతలికి నెట్టుకుంటూ.

లక్ష్మీప్రియ ముందు కీబోర్డును బోర్లించి దులిపింది. బొరుగులు రాలుతుంటే ముఖం చిట్లించుకుంది. తర్వాత సంగతి చూస్తే వ్యవహారం రెండు డిస్కులది. కొత్త ఎక్స్‌రేలు కంప్యూటరు లోపలి డిస్కులో పడతాయి. పాతవి యుఎస్‌బి తీగతో తగిలించిన బయటి డిస్కులో ఉంటాయి. లోపలి డిస్కు నిండిపోయింది. బయటి డిస్కేమో ఉన్నట్టుండి మాయమవుతోంది, మళ్లీ కనిపిస్తోంది. టెర్మినల్ తెరిచి కంప్యూటరు రాసుకున్న చిట్టా చూసింది. తగిలింది, ఊడింది, తగిలింది, ఊడింది. పొద్దున్నుంచి రెండు వందల సార్లు ఇదే.

తీగ మార్చి చూసింది. అదే వరస. టార్చిలైటు వేసి, తీగ గుచ్చే పోర్టు లోపలికి తొంగి చూసి నిర్ఘాంతపోయింది.

లోపల పసుపు. పైపూత కాదు, మెత్తి పెట్టిన పసుపు. దాని మీద గడ్డకట్టిన కుంకుమ. నాలుగు పోర్టులూ అంతే.

"ఇదేందప్పా?"

"ఆయుధపూజ గదక్కా!" భూపేష్ గర్వంగా నవ్వాడు. "అందరూ మానిటరుకు ఒక బొట్టు పెట్టి ఊరుకుంటారు. నేను అట్ల కాదు, ప్రతి రంధ్రానికీ పెట్టినా. టెంకాయ గూడ దీని ముందరే కొట్టినా. ఆ నీళ్లు ఇంతంత దానిమీద చల్లినా."

"లోపలికి ఎట్ల పోయింది ఇంత పసుపు?"

"అగ్గిపుల్లతో పెట్టినా."

ఏడాదిలో ఒక్కనాడైనా గుడ్డ పెట్టి తుడిచిన పాపాన పోలేదు, పూజకు మాత్రం అగ్గిపుల్ల పట్టుకుని రంధ్రం రంధ్రానికీ భక్తి చూపించాడు! ఎంగిలి కీబోర్డుకు లేని పూజ పోర్టుకు జరిగింది. స్పిరిటులో ముంచిన బ్రష్షుతో ఆ పసుపు గడ్డలు తవ్వి తీస్తుంటే టెంకాయ నీళ్లు పులిసిన వాసన గుప్పుమంది. ముక్కుకు చున్నీ కట్టుకుని, ఒక్కొక్క పోర్టూ ఆరబెట్టి, డిస్కు మళ్లీ తగిలించేసరికి పదకొండు దాటింది. ఈసారి డిస్కు ఊడకుండా నిలిచింది.

"లోపలివి దీంట్లోకి ఎత్తుదామని నాలుగు రోజుల్నుంచి దీంట్లోవి తీసేస్తాండా. సూడక్కా, నూటికి నూరు నిండినట్టే సూపిస్తాది" అన్నాడు భూపేష్.

ఈ రోగం లక్ష్మీప్రియకు కొట్టినపిండి. బయటి డిస్కులో ఏదైనా తీసేస్తే లైనక్స్ దాన్ని అక్కడికక్కడ పారేయదు. అదే డిస్కులో ఒక మూల, కంటికి కనిపించని సంచిలో కుక్కి పెడుతుంది. అది కంప్యూటరు చెత్తబుట్ట. బుట్ట ఖాళీ చేసేదాకా డిస్కులో గోరంత జాగా కూడా మిగలదు. వాకిలి ఊడ్చి చెత్తంతా తలుపు వెనక్కు నెట్టినట్టే.

"ఇదో, ఈడ దాక్కోనుండాది నీ చెత్తంతా" అని దాపరికపు సంచి పేరు తెర మీద చూపించింది. మూడు వందల ఎనభై జీబీ. దాన్ని తెరిచి లోపల ఏముందో చూడాలని ఆమెకు తోచలేదు. ఈ మనిషి పారేసిన చెత్తలో చెయ్యి పెట్టి కెలకడమా? ఆ ఊహకే చెయ్యి ముడుచుకుంది. టెర్మినల్‌లో ఒక్క వరుస ఆదేశం కొట్టి మీట నొక్కింది. బెంచీ మీద వాళ్లకు కూడా వినిపించేలా, "అయిపోయింది! చెత్తంతా పారేసినా. చూడు ఎంత జాగా వచ్చిందో" అని లేచి, సబ్బు అడిగి, పెరట్లో కుళాయి దగ్గరికి పోయింది.

మూడుసార్లు కడుక్కుంది. గోళ్ల సందుల్లో పసుపు పోలేదని నాలుగోసారి కూడా కడుక్కుంది.

తిరిగి వచ్చేసరికి భూపేష్ ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెర మీద ఏవో పెద్ద ఫైళ్లు లోపలి డిస్కు నుంచి బయటి డిస్కుకు పోతున్నాయి. జీవమ్మ అతని భుజం వెనక నిలబడి ఉంది.

"ఏం ఎక్కిస్తాండావు?"

"మా సెంటరు ఆసామి వీడియోలక్కా. మనవడి తొట్టిల పండగ, ఆయప్ప ఊరేగింపులు, డ్రోనులో తీసినవి. వీటితోనే గదా లోపలిది నిండింది. ఇవన్నీ దీంట్లోకి ఎత్తేస్తే పీడా పోతాది. ఈలోపల ఈమె ఫోటో ఎతుకుదామంటే..." అతను గోక్కున్నాడు. "మిల్లు క్యాంపు ఫోల్డరు కనపడల్యా."

లక్ష్మీప్రియ అతని వైపు తిరిగింది. "నాలుగు రోజుల్నుంచి ఏం తీసేసినావు నువ్వు?"

"పాతవి. నువ్వే గదక్కా ఫోన్లో చెప్పింది? తేదీల వరసలో పెట్టి అన్నిటికంటే పాతవి తీసేసినా. ఐదేండ్ల ముందరి ఎక్స్‌రేలన్నీ. ఆసామివి కొత్తవి గదా, అవి ముట్టలేదు."

ఆ క్షణంలో ఆమెకు ఆ మనిషి మీద పుట్టిన అసహ్యం మాటల్లో చెప్పేది కాదు. మనుషుల ఊపిరితిత్తులు తీసి చెత్తలో వేసి, డ్రోను వీడియోలను పదిలంగా దాచాడు! చెంప పగలగొట్టాలనిపించింది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. ఇతను వేసింది చెత్తబుట్టలోనే. అందులోంచి తీసుకోవచ్చు. అరగంట కిందటిదాకా మిల్లు కూలీలందరి రొమ్ములూ ఆ బుట్టలో భద్రంగా ఉన్నాయి. తెరిచి చూడకుండా పారబోసింది తను. పాతవి తీసెయ్ అన్నదీ తనే.

ఒక్క గంతు వేసి కాపీని ఆపింది. బయటి డిస్కు తీగ పీకేసింది. భూపేష్ నోరు తెరిచాడు. అప్పటికే నలభై జీబీ దాకా వీడియోలు ఎక్కేశాయి.

"పోయినట్టేనామ్మా?" అంది జీవమ్మ. గొంతులో కోపం లేదు. అదే లక్ష్మీప్రియకు ఎక్కడో తగిలింది.

"పోలేదు. పోనీయను" అంది. చెరిపేసినప్పుడు కంప్యూటరు ఆ ఫైలు ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే చెరిపేస్తుంది, అసలు సరుకు దాని మీద ఇంకొకటి వచ్చి పడేదాకా ఉంటుంది అని ఆమెకు వివరించబోయి మానేసింది. ఇంకొకటి వచ్చి పడింది గదా. తను చేతులు కడుక్కుంటుండగా నలభై జీబీ తొట్టిల పండగ వచ్చి పడింది. ఎవరి మీద పడిందో దేవుడికే తెలియాలి.

వెతికి తీసే ప్రోగ్రాము ఆమె దగ్గర ఉంది. కానీ బయటపడేవాటిని అదే డిస్కులో పెట్టకూడదు. లోపలి డిస్కులో పెడదామంటే అది ఆసామి వీడియోలతో నిండి ఉంది.

"ఆ వీడియోలు తీసేయాల" అంది.

భూపేష్ బిక్కచచ్చిపోయి ఆసామికి ఫోన్ కలిపి స్పీకరు నొక్కాడు. ఆసామి అంతా విని తాపీగా అన్నాడు: "ఏమప్పా, మతుండే మాట్లాడతాండావా? రోగుల ఫోటోలదేముంది, ఇంకోసారి నిలబెట్టి తీస్తే వస్తాయి. మనవడి తొట్టిల పండగ ఇంకోసారి వస్తాదా?"

ఏడేళ్ల కిందటి రొమ్మును ఇప్పుడు నిలబెట్టి తీస్తాడంట! లక్ష్మీప్రియ ఫోను అందుకుంది. "సార్, వీడియో తీసినాయన కాడ ఇంకో కాపీ ఉంటాది, అడిగి తెప్పిచ్చుకోండి" అని, అటువైపు నుంచి ఏదో మొదలయ్యేలోగా కట్ చేసింది. ఈసారి చెత్తబుట్టలో వేయలేదు. నేరుగా, శాశ్వతంగా తీసేసింది. అయితే ఈసారి తీసేముందు ప్రతి ఫోల్డరూ తెరిచి చూసింది. ఊరేగింపులు, దండలు, పసివాడి ఏడుపు ముఖం. ఆ పసివాడు ఏ పాపం ఎరగడు. ఈ సెంటరు తనను మళ్లీ పిలవదని తెలుసు. పిలవకపోతే పీడా పోయిందనుకుంది.

డిస్కును మళ్లీ తగిలించాక ప్రోగ్రాము పన్నెండింటికి మొదలై రెండింటికి ముగిసింది. ఆ రెండు గంటలూ ఓబుళేశు దగ్గుతూనే ఉన్నాడు. జీవమ్మ సద్దిమూట విప్పి ఒక ముద్ద పెట్టబోతే వద్దన్నాడు. భూపేష్ మాత్రం బయటికి పోయి తినొచ్చాడు.

దొరికిన ఎక్స్‌రేలు మూడు వేల దాకా ఉన్నాయి. ఫైళ్ల పేర్లు పోయాయి. అయినా దిగులు లేదు, మనిషి పేరూ తేదీ ఎక్స్‌రే లోపలే రాసి ఉంటాయి. వ్యాను వచ్చిన తేదీ పట్టి వేరుచేసింది. ముప్పై ఒకటి తేలాయి. పేరుండాల్సిన చోట ఏముందో చూసి కళ్లు నులుముకుంది.

మిల్లు–3. మిల్లు–4. మిల్లు–7.

"పేర్లేవి?"

"నలభై మూడు మంది ఒకేసారి దిగితే పేర్లు యాడ కొట్టేదక్కా? నంబర్లేసినా. పేర్లు రిజిస్టరులో రాసింటిమి."

"రిజిస్టరేది?"

"పాత కాగితాలు బొరుగుల బండాయనకు తూకానికి ఏసేసినాం."

ఎవరిని తిట్టాలి? గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. నలభై మూడులో ముప్పై ఒకటి మిగిలాయి. మిగిలినవాటిలో ఓబుళేశు ఉన్నాడో లేడో తెలియదు. ఉన్నా ఏ రొమ్ము ఎవరిదో చెప్పేవాళ్లు లేరు. గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

అప్పుడు ఓబుళేశు బెంచీ మీంచి చెయ్యెత్తాడు. ఏదో అనబోయాడు, దగ్గు అడ్డం వచ్చింది. మెడలోంచి నల్లతాడు పైకి లాగి చూపించాడు. దానికి రెండు రాగి తాయెత్తులున్నాయి, పక్కపక్కన.

"అవునమ్మా!" జీవమ్మ లేచి నిలబడింది. "ఆ పొద్దు ఈయప్ప తాయెత్తు తీయనన్నాడంట. ఈ సారు శానా తిట్టినాడంట. ఈడ దర్గాలో కట్టిచ్చినది ఒకటి ఈయప్పది. ఇంకోటి వాళ్లన్నది. ఆయన గూడ అదే మిల్లులో దగ్గి దగ్గి ఈ ఫోటోకు ముందే పోయినాడు. పోయినాక ఆయనది గూడ ఈయప్పే కట్టుకున్నాడు."

భూపేష్ తల గీరుకున్నాడు. "అవునక్కా, ఒకాయప్ప మొండికేసినాడు. సచ్చినా తీయనన్నాడు."

లక్ష్మీప్రియ ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టింది. నల్లటి రొమ్ములు, తెల్లటి పక్కటెముకలు. పేర్లు లేని మనుషులు. జీవమ్మ కుర్చీ అంచు పట్టుకుని వంగి చూస్తోంది. పది అయ్యాయి, పదిహేను అయ్యాయి. ఒకరి మెడలో ఒంటి తాయెత్తు కనిపించింది, కాదు. ఇరవై, ఇరవై రెండు. ఇరవై ఆరోది తెరవగానే గొంతు కింద రెండు తెల్లటి గొట్టాలు, పక్కపక్కన, జంటగా.

"అదే" అన్నాడు ఓబుళేశు. పొద్దుట్నుంచి అతను స్పష్టంగా పలికిన మాట అదొక్కటే.

మిల్లు–29. లక్ష్మీప్రియ తన సంచిలోంచి కొత్త పెన్‌డ్రైవు తీసి, తను తోమిన పోర్టులో పెట్టి, ఎక్స్‌రేను ఎక్కించింది. ఎక్కిందో లేదో రెండుసార్లు తెరిచి చూసింది. ఇరవై తొమ్మిదో నంబరు ఓబుళేశుదేనని, తాయెత్తు తీయనందుకు తనకు గుర్తుందని భూపేష్ చేత సెంటరు కాగితం మీద రాయించి సంతకం పెట్టించింది. అతను నసిగితే, "రాస్తావా, పసుపు సంగతి ఊరంతా చెప్పమంటావా?" అంది. రాశాడు.

జీవమ్మ ఇంకా తెర వైపే చూస్తోంది. పాతిక రొమ్ములు చూసిన కంటికి డాక్టరు చదువు అక్కర్లేదు. ఆ ఎక్స్‌రేలో పైభాగమంతా ఇసుక చల్లినట్టు తెల్లటి చుక్కలున్నాయి.

"అప్పుడే ఉండెనామ్మా జబ్బు?"

లక్ష్మీప్రియ భూపేష్ వైపు చూసింది. "చూసినోళ్లెవరు దీన్ని?"

"తీసి సీడీలో పెట్టి మిల్లోళ్లకి ఇచ్చేసినాం. చూసేది మా పని కాదు గదక్కా."

"ఆ తర్వాత గూడ నాలుగేండ్లు చేసినాడు" అంది జీవమ్మ, ఎవరితోనూ కాకుండా. "బాగుండావని చెప్పినారు."

తీసినవాడు చూడలేదు, తీయించినవాడు చూడలేదు. పొద్దున పారబోసిన తను కూడా చూడలేదు. తన ముక్కు, తన సబ్బు, తన శుభ్రం గుర్తొచ్చి లక్ష్మీప్రియకు తన మీద తనకే రోత పుట్టింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇక్కడ కడుక్కోవడమే అడుసైంది.

మూడు కొట్టేసరికి వీధిలో ఆటో ఆపి ఇద్దరినీ ఎక్కించింది. జీవమ్మ పెన్‌డ్రైవును కొంగున ముడివేసుకుని, రెండు చేతులూ జోడించింది. ఆ దణ్ణాన్ని లక్ష్మీప్రియ తట్టుకోలేకపోయింది.

"నాకు మొక్కొద్దమ్మా. పొద్దున ఆ ఫోటోలు పారేసింది ఆయప్ప కాదు, నేనే."

"తెలుసులేమ్మా. ఆడ్నే కూసోనుంటిమి గదా. నువ్వు పారేసినా అంటివి, ఇంటిమి. చేతులు కడుక్కుంటాంటివి, చూస్తాంటిమి."

"మరి ఒక్క మాటన్నా అనలేదే?"

"అంటే నువ్వు సంచి సర్దుకోని బస్సెక్కి పోయిందువు. మాకు ఫోటో కావాల గదమ్మా."

ఆటో కదలబోతుంటే జీవమ్మ తల బయటపెట్టింది. "వచ్చే నెల బోర్డుకి మా పక్కింటి కంబన్న రావాల. ఆ పొద్దు వ్యానులో ఆయప్పా వచ్చినాడు. ఆయనది గూడ ఎతికిపెట్టు తల్లీ."

లక్ష్మీప్రియ కళ్ల ముందు దొరకని పన్నెండు నంబర్లూ మెదిలాయి. దొరికినవాటిలో పేరులేని రొమ్ములూ మెదిలాయి. ఆటో కడ్డీ పట్టుకుని అడిగింది.

"కంబన్న మెడలో ఏమన్నా ఉండెనా? తాయెత్తు గానీ, గొలుసు గానీ?"

"ఉండె. కానీ శానా మంచోడమ్మా, చెప్పిన మాట ఇనే మనిషి" అంది జీవమ్మ. "తీయమంటే అన్నీ తీసి పక్కన పెట్టినాడంట."